టాటా పంచ్: కొన్నవాళ్ల మాటలు ఎందుకు కలవవు?

టాటా పంచ్ కారు కొన్నవాళ్లను నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెబుతారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకు తిప్పేవాళ్లు లీటరుకు పన్నెండు రావడమే గగనంగా ఉందంటారు. ఊరికీ పట్నానికీ మధ్య హైవే మీద తిరిగేవాళ్లు పద్దెనిమిది ఎక్కడికీ పోదంటారు. ఒకరు బండి గట్టితనం గురించి చెప్పడం మొదలుపెడితే ఆపరు. ఇంకొకరు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పికప్ లేక పడ్డ ఇబ్బందే చెబుతారు. సర్వీసింగ్ ఊసెత్తితే ఒకే ఊళ్లో ఇద్దరి మాటలు కూడా కలవవు.

ఆరేడు లక్షలు పోగేసుకుని, లేదా ఐదేళ్లు ఈఎంఐ కట్టడానికి సిద్ధపడి మొదటి కారు కొనబోయే కుటుంబానికి ఈ మాటలు వింటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నిజానికి వీళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. ఆ ధరలో ఆ కారును తీసుకురావడానికి కంపెనీ ఎక్కడ ఖర్చు పెట్టింది, ఎక్కడ చెయ్యి కట్టేసుకుంది అన్నది తెలిస్తే, ఎవరి అనుభవం ఎందుకలా ఉందో చాలావరకు ముందే ఊహించవచ్చు. పంచ్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు ఇదే. ఆ ఏడాది రెండు లక్షలకు పైగా బళ్లు అమ్ముడై, దాదాపు నాలుగు దశాబ్దాలుగా మారుతి కార్లకే దక్కుతున్న మొదటి స్థానాన్ని పంచ్ తీసుకుంది. అంతమంది కొన్న కారు గురించి ఇన్ని రకాల మాటలు వినబడుతున్నాయంటే వాటిని విడదీసి చూడాల్సిందే.

నాలుగు మీటర్ల గీత

2021 అక్టోబరు 18న పంచ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ప్రారంభ ధర 5.49 లక్షల రూపాయలు. కారు పొడవు 3,827 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1,199 సీసీ. ఈ రెండు అంకెలూ పన్నుల లెక్క నుంచి పుట్టినవి. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. గీతకు ఇవతలి పెట్రోలు కారుకు సెస్సుతో కలిపి 29 శాతం పడితే, పెద్ద ఎస్‌యూవీలకు 50 శాతం దాకా వెళ్లేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇవి 18, 40 శాతాలుగా మారాయి. అంటే ఈ తరగతి కారును గీసే ఇంజనీరు కొలబద్ద పట్టుకునే ముందే పన్ను పుస్తకం తెరవాలి. వెనక సీటు ఎందుకు ఇరుకు, ఇంజిన్ ఎందుకు చిన్నది అనే ప్రశ్నలకు మొదటి జవాబు అక్కడే ఉంది.

షోరూమ్ ధరకూ ఇంటికొచ్చే ధరకూ తేడా కూడా చాలామందికి మొదటి చేదు అనుభవం. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు 14 శాతం లైఫ్ ట్యాక్స్, పది దాటితే ఇంకా ఎక్కువ. దీనికి ఇన్సూరెన్స్ తోడు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. ఐదున్నర లక్షలని ప్రకటనలో చూసిన బండి ఆరున్నర లక్షలు పెడితే గానీ ఇంటిముందుకు రాదు. ఆ లక్ష ముందుగా లెక్కలో వేసుకోనివాళ్లు, ఆటోమేటిక్ గేరో రివర్స్ కెమెరానో వదులుకుని కింది వేరియంట్‌తో సరిపెట్టుకుంటారు. ఆ తర్వాత చెప్పే అసంతృప్తిలో సగం ఆ వేరియంట్‌ది.

ఇక ఎస్‌యూవీ అనే పేరు. పంచ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. ఆల్ట్రోజ్ హ్యాచ్‌బ్యాక్‌కు వాడిన ప్లాట్‌ఫామ్ మీదే దీన్నీ కట్టారు. అయితే ఆల్ట్రోజ్‌లో నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఖాళీ 165 మిల్లీమీటర్లుంటే, పంచ్‌లో 187. చూడ్డానికి రెండు సెంటీమీటర్ల తేడా. కానీ కాలనీవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద, వానలకు కొట్టుకుపోయిన మట్టి రోడ్ల మీద, నలుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను వేసుకున్న రోజున, ఆ రెండు సెంటీమీటర్లే బండి కింద తగలకుండా కాపాడతాయి. ఊళ్లలో తిప్పేవాళ్లు ఈ కారును మెచ్చుకుంటే మొట్టమొదట మెచ్చుకునేది దీన్నే. ఎత్తుగా ఉన్న సీటు, దాదాపు 90 డిగ్రీలు తెరుచుకునే తలుపులు కూడా అలాంటివే. మోకాళ్ల నొప్పులున్న అమ్మనో అత్తగారినో వంగకుండా, పట్టుకుని ఎక్కించాల్సిన అవసరం లేకుండా కూర్చోబెట్టగలగడం ఏ బ్రోషర్‌లోనూ పెద్దక్షరాల్లో కనబడదు. కుటుంబాల్లో మాత్రం కారుకు మంచిపేరు తెచ్చేది అదే.

డబ్బు ఎక్కడికి వెళ్లింది

విడుదలైన నెలలోనే, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో పంచ్‌కు పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణలో నాలుగు వచ్చాయి. పెద్దల విభాగంలో 17కు 16.45 మార్కులు, పిల్లల విభాగంలో 49కి 40.89. ఐదారు లక్షల్లో మొదలయ్యే కారుకు ఇది మామూలు విషయం కాదు. కంపెనీ ఈ ధరలో తన డబ్బును బాడీ మీద పెట్టింది. కొన్నవాళ్లు తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన శబ్దం గురించి, హైవే మీద నూరు దాటినా బండి నేలకు అంటుకున్నట్టు ఉండటం గురించి చెప్పే మాటల వెనుక ఉన్నది ఈ ఖర్చే. తలుపు శబ్దం భద్రతకు కొలత కాదు, అది వేరే సంగతి. కానీ బైక్ మీద భార్యాపిల్లలతో లారీల పక్కన వెళ్లిన మనిషికి ఆ శబ్దం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు.

అయితే ఈ నక్షత్రాలను చదవడంలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. మొదటిది, ఆ పరీక్ష నిబంధనల తేదీ. పంచ్‌ను పరీక్షించింది పాత నిబంధనల కింద. అందులో నక్షత్రాలు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందువైపు ఢీకొట్టిన ఫలితాన్ని బట్టి ఇచ్చారు. పక్క నుంచి ఢీకొట్టే పరీక్ష, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి తప్పనిసరి అయ్యింది 2022 జులై నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో. కాబట్టి 2021 నాటి ఐదు నక్షత్రాలనూ తర్వాతి కార్ల ఐదు నక్షత్రాలనూ పక్కపక్కన పెట్టి సమానం అనకూడదు. పరీక్షకు పెట్టిన కారులో ఉన్నవి రెండు ఎయిర్‌బ్యాగులే. 2023 జులైలో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. కొనేవాళ్లు ఇలాంటివన్నీ కలిపి చూడాలి.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. పిల్లల విభాగంలో వచ్చిన ఆ మార్కులు, చైల్డ్ సీట్లో బెల్టుతో కట్టిన పిల్లల బొమ్మలతో చేసిన పరీక్షవి. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది వేరు. రెండేళ్ల బిడ్డ ముందు సీట్లో తల్లి ఒడిలో ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోరు. సీటు కవర్లు వేయించినప్పుడు బెల్టు బకిల్స్ సీటు కిందికి పోతే వాటిని మళ్లీ పైకి తీసేవాళ్లు కూడా తక్కువ. ఒడిలోని బిడ్డకు ఆ నాలుగు నక్షత్రాల్లో ఒక్కటీ వర్తించదు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే, ఒడిలోని బిడ్డను ముందుగా కొట్టేది అదే. "ఐదు నక్షత్రాల బండి" అని గర్వంగా చెప్పే యజమాని ఏడెనిమిది వేలు పెట్టి చైల్డ్ సీటు కొనడానికి వెనకాడటం చూస్తే బాధ కలుగుతుంది. అలాయ్ వీల్స్‌కూ సీట్ కవర్లకూ అంతకన్నా ఎక్కువే పెడుతున్నారు.

డబ్బు ఎక్కడ ఆగింది

బాడీ మీద పెట్టిన డబ్బు ఇంజిన్ దగ్గర ఆగిపోయింది. పంచ్‌కు మొదట ఇచ్చింది మూడు సిలిండర్ల, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపి బలం పెంచే పరికరం) లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్. విడుదల నాటికి 86 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 3,300 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. లాగాల్సిన బండి బరువు ఖాళీగానే ఒక టన్ను పైన. ఇదే కంపెనీ నెక్సాన్‌లో ఇదే 1.2 లీటర్ల సైజుకు టర్బో తగిలించి 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు తీసింది. ఆ నెక్సాన్‌కు ధర దాదాపు రెండు లక్షలు ఎక్కువ. పంచ్ కొన్నవాళ్ల "పికప్" ఫిర్యాదు మొత్తం ఈ అంకెల్లోనే ఉంది.

మూడు సిలిండర్ల ఇంజిన్‌లో పేలుడు 240 డిగ్రీలకు ఒకసారి జరుగుతుంది. నాలుగు సిలిండర్లైతే 180 డిగ్రీలకే. పేలుళ్ల మధ్య ఎడం పెరిగేకొద్దీ కుదుపు తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో నిలబెట్టినప్పుడు స్టీరింగ్‌లో, సీటులో వచ్చే సన్నటి వణుకు ఆ నిర్మాణానికి సహజం. బండిలో లోపమేమో అని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే "అది నార్మలే" అంటారు. ఆ మాట చాలావరకు నిజమే అయినా, ఎందుకు నార్మలో ఎవరూ వివరించరు కాబట్టి యజమాని అనుమానంతోనే వెనక్కి వస్తాడు. అయితే వణుకు ఉన్నట్టుండి పెరిగితే అది వేరే విషయం. ఇంజిన్ మౌంట్లు, స్పార్క్ ప్లగ్గులు చూపించుకోవాలి. పాత నాలుగు సిలిండర్ల స్విఫ్టో ఐ20యో అమ్మేసి పంచ్ కొన్నవాళ్లకు ఈ వణుకు మొదటిరోజే తెలుస్తుంది. ఆల్టో నుంచో బైక్ నుంచో వచ్చినవాళ్లు దాన్ని పట్టించుకోరు. ఒకే ఇంజిన్ గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్పడానికి అంతకుముందు నడిపిన బండే కారణం.

ఘాట్ రోడ్ల సంగతి దీనికి దగ్గరిదే. తిరుమల, శ్రీశైలం, అనంతగిరి మీదుగా అరకు, ఇలాంటి దారుల్లో నలుగురు పెద్దవాళ్లు, సామాను, ఏసీ అన్నీ కలిసినప్పుడు మలుపు తిరగగానే మూడో గేరులో బండి నీరసపడుతుంది. ఈ ఇంజిన్‌కు బలం మూడు వేల ఆర్‌పీఎం చుట్టూ ఉంటుంది. మైలేజ్ కోసం 1,500 దగ్గరే పై గేరు వేసే అలవాటున్నవాళ్లు ఎక్కుడు దారిలోనూ అదే చేస్తారు. అప్పుడు ఇంజిన్ దడదడలాడుతుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలిక రాదు. రెండో గేరుకు దించి, ఇంజిన్‌ను కాస్త అరవనిస్తే ఎక్కుతుంది. ఇది నేర్చుకున్నవాళ్లు ఘాట్ గురించి ఫిర్యాదు చేయడం మానేస్తారు. కానీ రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఇంత సర్దుబాటుకు టైము ఉండదు. అక్కడ ఈ ఇంజిన్ నిజంగానే తక్కువ. ఎదురుగా బండి వస్తోంటే దాటే ప్రయత్నం మానుకోవాల్సిందే తప్ప తొక్కితే పోతుందిలే అనుకోకూడదు. నెలకు నాలుగుసార్లు ఇలాంటి రోడ్ల మీద దూరప్రయాణాలు చేసేవాళ్లు అప్పు కాస్త పెంచుకునైనా టర్బో ఇంజిన్ ఉన్న కారు వైపు చూడటం మంచిది.

ఆటోమేటిక్ గేర్ల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పంచ్‌లో ఉన్నది ఏఎంటీ. మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని మాత్రం కాలికి బదులు ఒక యంత్రం చేస్తుంది. అందుకే గేరు మారేటప్పుడు తల ఒకసారి ముందుకు ఊగుతుంది. మూసాపేట నుంచి హైటెక్ సిటీ దాకా పాక్కుంటూ వెళ్లేవాళ్ల ఎడమ కాలికి ఇది వరమే. హడావుడిగా నడిపే అలవాటున్నవాళ్లకు మాత్రం విసుగు.

మైలేజ్ అనే అంతులేని వాదన

కంపెనీ విడుదల నాడు చెప్పిన మైలేజ్ మాన్యువల్‌కు లీటరుకు 18.97 కిలోమీటర్లు. 2023లో ఉద్గార నిబంధనల రెండో దశకు ఇంజిన్‌ను మార్చాక ఇది 20.09 అయింది. ఈ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, గరిష్ఠంగా 90 కిలోమీటర్ల వేగంతో ఒక నిర్ణీత వరుసలో నడిపితే వచ్చింది. రెండు కార్లను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. నెల ఖర్చు లెక్కేసుకోవడానికి పనికిరాదు.

నగరంలో 11 నుంచి 13, హైవేలో 17, 18 అని యజమానులు చెప్పే అంకెల్లో వింతేమీ లేదు. నిలబడి ఉన్న ప్రతి నిమిషం కారు సున్నా కిలోమీటర్లకు పెట్రోలు తాగుతుంది. మే నెలలో ఏసీ కంప్రెసర్ భారం చిన్న ఇంజిన్ మీద పెద్ద ఇంజిన్‌కన్నా ఎక్కువ నిష్పత్తిలో పడుతుంది. ఎత్తుగా, డబ్బాలా ఉన్న ఆకారం వల్ల హైవేలో నూరు దాటాక గాలి ఎదురుతన్ను పెరిగి మైలేజ్ పడిపోతుంది. ఎనభై, తొంభై మధ్య నడిపేవాళ్లకూ నూట ఇరవైలో పోయేవాళ్లకూ అందుకే అంత తేడా వస్తుంది.

ఈ తేడా నెల బడ్జెట్‌లో ఎంతో చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, 18 వస్తే సుమారు 56 లీటర్లు, 12 వస్తే 83 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున దాదాపు మూడు వేలు తేడా. నగరంలోనే తిరిగేవాళ్లు కొనే ముందు ఈఎంఐ పక్కన ఈ మూడు వేలు రాసుకోవాలి.

ఇథనాల్ సంగతి కూడా ఈ వాదనలో కలిసిపోయింది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు (ఈ20). ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాలకు తయారైన నాలుగు చక్రాల బళ్లలో ఈ20 వాడితే 6 నుంచి 7 శాతం దాకా మైలేజ్ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ఇథనాల్ ప్రణాళిక పత్రమే అంచనా వేసింది. ఇంజిన్‌ను ఈ20కి సరిచేసిన కొత్త బళ్లలో తగ్గుదల అంతకన్నా తక్కువ. 2022 పంచ్ ఉన్నవాళ్లు "ఇదివరకు పదిహేను వచ్చేది, ఇప్పుడు పద్నాలుగే" అంటే ఆ లెక్కకు సరిపోతుంది. "పదిహేను నుంచి పదికి పడిపోయింది" అంటే మాత్రం టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు పట్టేయడం లాంటివి చూసుకోవాలి. అంత తగ్గుదలను ఇథనాల్ ఒక్కదాని మీద వేయలేం.

ఇంకొకటి, చాలామంది చెప్పే మైలేజ్ స్క్రీన్ మీద చూసిన అంకె. అది తరచూ కాస్త ఉదారంగానే ఉంటుంది. బంకులో పైపు దానంతట అది కట్ అయ్యేవరకు నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ కట్ అయ్యేవరకు నింపి భాగించాలి. ఇలా రెండు మూడుసార్లు చేసినవాళ్లు చెప్పే అంకెనే నమ్మవచ్చు.

నగరంలో ఎక్కువ తిరిగేవాళ్లు ఈ ఖర్చు తట్టుకోలేక సీఎన్‌జీ వైపు వెళ్తున్నారు. 2023 ఆగస్టులో వచ్చిన సీఎన్‌జీ పంచ్‌లో ఒక పెద్ద సిలిండర్‌కు బదులు ముప్పై లీటర్లవి రెండు పెట్టి డిక్కీ కింద పరిచారు. పైన 210 లీటర్ల జాగా మిగిలింది. పెట్రోలు కారులో ఉన్న 366 లీటర్ల కన్నా తక్కువే అయినా రెండు సూట్‌కేసులు పడతాయి. ఖర్చు తగ్గుతుంది. బదులుగా ఇచ్చుకోవాల్సింది శక్తి. గ్యాస్ మీద 73.5 పీఎస్ మాత్రమే. ఘాట్ గురించి పైన చెప్పిన ఇబ్బంది ఇక్కడ ఇంకొంచెం ముదురుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో గ్యాస్ దొరుకుతుంది గానీ పొద్దున్నే ఆటోల వెనక క్యూలో నిలబడాలి. జిల్లాల్లో బంకు ఎంత దూరమో చూసుకున్నాకే కొనాలి. సిలిండర్లకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో గట్టితనం చూసే పరీక్ష) తప్పనిసరి అన్న సంగతి కూడా చాలామందికి ఆ గడువు వచ్చాకే తెలుస్తోంది.

వెనక సీటు, నీళ్లు

చక్రాల మధ్య దూరం 2,445 మిల్లీమీటర్లు. కాబట్టి వెనక ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లవాడు హాయిగా కూర్చుంటారు. ముగ్గురు పెద్దవాళ్లయితే భుజాలు ఒరుసుకుంటాయి. మొదటి మూడేళ్లు వెనక ఏసీ వెంట్లు లేవు. రాయలసీమ ఎండల్లో ముందు కూర్చున్నవాళ్లకు చలి, వెనకవాళ్లకు ఉక్క అన్న ఫిర్యాదు అందుకే అంతగా వినిపించింది. 2024 సెప్టెంబరులో పై వేరియంట్లకు వెనక వెంట్లు వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి.

నీళ్ల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. పంచ్ 370 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ చెప్పింది. ఆ మాటను యజమానులు ఎక్కువగా నమ్ముతున్నారు. 370 మిల్లీమీటర్లంటే పెద్ద మనిషికి మోకాలి కంటే కిందే. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే నీళ్లు ఆ లోతు దాటడానికి అరగంట పట్టదు. పైగా ఎదురుగా బస్సు వస్తే లేచే అల ఆ గీతను క్షణంలో దాటుతుంది. నీళ్లు గాలి పీల్చుకునే దారి గుండా సిలిండర్లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండి ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేయడమే అసలు నష్టం చేసేది. మామూలు బీమా దీన్ని చాలాసార్లు భరించదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ వేరుగా తీసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు, బండి ఎంత ఎత్తుగా ఉందన్నది ఎవరికీ ఉపయోగపడలేదు. బీమా కాగితంలో ఏముందన్నదే తర్వాత తేడా చూపింది.

సర్వీస్ సెంటర్ గుమ్మం

పంచ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ కోపం కనబడేది ఇక్కడే. అది ఈ ఒక్క కంపెనీకే పరిమితమైంది కాదు. సర్వీస్ సెంటర్ సాధారణంగా డీలర్ సొంతం. కారు తయారుచేసిన కంపెనీ నిబంధనలు పెడుతుంది, శిక్షణ ఇస్తుంది. మనుషులను పెట్టుకునేదీ, జీతాలిచ్చేదీ డీలరే. అమ్మకాలు రెండు మూడేళ్లలో విపరీతంగా పెరిగితే, వర్క్‌షాపులో బళ్లు నిలబెట్టి పనిచేసే జాగాలు, అనుభవమున్న మెకానిక్కులు అదే వేగంతో పెరగరు. ఫలితం కళ్లముందే ఉంటుంది. పొద్దున తొమ్మిదికి ఇచ్చిన బండి రాత్రి ఎనిమిదికి వస్తుంది, చెప్పిన మూడు పనుల్లో రెండే అయి ఉంటాయి. డాష్‌బోర్డులో కిర్రుమనే చప్పుడు, టచ్ స్క్రీన్ ఉన్నట్టుండి ఆగిపోవడం లాంటివి వర్క్‌షాపులో నిలబెట్టినప్పుడు కనబడవు. "మాకు రాలేదు సార్" అంటారు. యజమానికి అది అవమానంగా తోస్తుంది.

ఒకే కారుకు ఒక ఊళ్లో మంచిపేరు, పక్క ఊళ్లో చెడ్డపేరు రావడానికి కారణం చాలాసార్లు ఈ గుమ్మమే. కాబట్టి కారును ఎంచుకున్నంత శ్రద్ధగా దగ్గరలోని సర్వీస్ సెంటర్‌ను చూడాలి. ఒక శనివారం పొద్దున అక్కడికి వెళ్లి, బళ్లు తీసుకోవడానికి వచ్చిన నలుగురితో మాట్లాడితే టెస్ట్ డ్రైవ్‌లో తెలియనిది తెలుస్తుంది.

కొన్నాక కూడా యజమాని చేతిలో కొంత బలం ఉంది. ఫిర్యాదును నోటితో చెప్పి వదిలేయకుండా, బండి ఇచ్చేటప్పుడు పనులు రాసుకునే జాబ్ కార్డులో తన మాటల్లోనే రాయించాలి. చప్పుడు వచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. మార్చిన పాత భాగాలు చూపించమని అడగాలి. లోపలి క్లీనింగ్, అడుగుభాగానికి కోటింగ్, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) అంటూ సర్వీస్ అడ్వైజర్ చేర్చే అదనపు పనులు యజమాని ఒప్పుకుంటేనే బిల్లులోకి రావాలి. వీటిలో చాలావాటికి వారంటీతో సంబంధం లేదు. వద్దంటే వారంటీ పోతుందేమోనని భయపడి ఒప్పుకునేవాళ్ల బిల్లు రెండింతలవుతోంది. ఎంత తిరిగినా పని కాకపోతే 1915 నంబరుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ గట్టిగా నిలబడేది తేదీలతో ఉన్న జాబ్ కార్డులే.

ఎన్నో నెల మాట అది?

చివరిగా, ఎవరి అనుభవం విన్నా బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగాలి. మొదటి మూడు నెలల్లో చెప్పేది రంగు గురించి, స్క్రీన్ గురించి, పూజ చేయించిన రోజు గురించి. ఇంజిన్ కూడా అప్పటికి పూర్తిగా సర్దుకుని ఉండదు. వెయ్యి కిలోమీటర్లకే మైలేజ్ మీద తీర్పు చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టవచ్చు. ఏడాది తిరిగేసరికి చప్పుళ్లు, సర్వీసింగ్, రెండో ఏడాది బీమా ధర మాటల్లోకి వస్తాయి. నలభై, యాభై వేల కిలోమీటర్లు దాటాక అసలు ఖర్చు మొదలవుతుంది. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, నగరంలో నడిపినవాళ్లకు క్లచ్. కింది వేరియంట్లలో 15 అంగుళాల చక్రాలుంటే పై వేరియంట్లో 16 అంగుళాలవి. షోరూమ్‌లో అందంగా కనబడ్డ ఆ ఒక్క అంగుళం టైర్లు మార్చే రోజున ధరలో కనబడుతుంది.

2021 చివర్లో, 2022లో కొన్న బళ్లు ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి. వాటిలో కొన్ని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కూ చేరాయి. కొత్తగా కొనాలనుకునేవాళ్లు పక్క వీధిలో అలాంటి బండి ఉంటే ఆ యజమాని దగ్గర ఒక గంట కూర్చుని సర్వీస్ బిల్లుల ఫైలు చూపించమని అడగాలి. కుదిరితే ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, దగ్గరలో ఉన్న ఏ ఫ్లైఓవర్ మీదికైనా ఆగి మళ్లీ బయల్దేరేలా ఒకసారి నడిపి చూడాలి.